గాలిబ్ ఉత్తరం అనుకున్న కాగితం: ఒక కేసు

నేపథ్యం

నా పని పాత కాగితాలతో. చిరిగినవి అతకడం, పురుగు తిన్నవాటిని నిలబెట్టడం, మూటలో ఏముందో జాబితా రాసివ్వడం. ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి నా బల్లమీదికి వచ్చేవాటిలో సగానికి పైగా ఉర్దూ, ఫారసీ కాగితాలే. 1880ల దాకా నిజాం కచేరీల్లో ఫారసీయే నడిచింది. ఆ రోజుల్లో ఇక్కడ చదువుకున్న ఇల్లు ఏ మతానిదైనా అటకమీద ఒక ఫారసీ నిఘంటువు ఉండేది. తెలుగువాణ్నయినా ఆ లిపి కూడబలుక్కుని నేర్చుకున్నది అందుకే.

ఈ కేసు రాయడానికి కారణం ఇందులో నేను చేసిన రెండు తప్పులు. ఒకటి ఆలోచనలో, ఒకటి చేతిపనిలో. చేతిపనిలో జరిగినది ఈ పనిలో కొత్తగా చేరిన కుర్రాడు కూడా చేయకూడని తప్పు. కుటుంబం ఎవరో తెలియకుండా ఇంటి వివరాలు కొన్ని మార్చాను, చాలా వదిలేశాను. కాగితం గురించి చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

వచ్చిన సమస్య

ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. నగరంలో పాత ఇల్లు అమ్మేశారు. సామాను సర్దుతుంటే ఎర్ర గుడ్డలో కట్టిన మూట ఒకటి దొరికింది. పాత కచేరీ భాషలో దాన్ని బస్తా అంటారు. అందులో ముందు పేజీలు ఊడిపోయిన అచ్చు పుస్తకం ఒకటి, ఇరవై దాకా విడి కాగితాలు. పుస్తకం మధ్యలో ఒక కాగితం మడిచిపెట్టి ఉంది. పెద్దాయన పుస్తకం తెరిచి, ఆ కాగితం తీసి, రెండు చేతులతో నాకందించారు.

"ఇది గాలిబ్ ఉత్తరం. మా ముత్తాత తండ్రికి రాసింది. అవునని మీరు రాసిస్తే చాలు."

ఆయన మాట వెనకాల ఒక ఇంటి కథ ఉంది. ముత్తాత తండ్రి మొదటి సాలార్‌జంగ్ కాలంలో మున్షీగా ఉండేవారట. ఢిల్లీకి ఉత్తరాలు రాసేవారట, అక్కడి ఉర్దూ కవి గాలిబ్ జవాబులు రాసేవాడట. కథ వెనకాల ఒక అవసరం కూడా ఉంది. పాత వస్తువులు కొనే ఒకాయన ఈ కాగితాన్ని చూసి పెద్ద మొత్తమే చెప్పాడు, నిపుణుడి సర్టిఫికెట్ ఉంటేనే ఇస్తానన్నాడు. పెద్దాయన కూతురి పెళ్లి దగ్గర్లో ఉంది. తమ్ముడికి అమ్మడం ఇష్టమే. చెల్లెలు ఏమీ మాట్లాడలేదు.

కాగితం ఒకే షీటు, ఒక పక్కనే రాత. పంతొమ్మిది పంక్తులు. పైన సంబోధన లేదు, వాక్యం మధ్యలోంచి మొదలవుతుంది. తేదీ లేదు. చివర గాలిబ్ అని పేరు. విషయమంతా అచ్చులో ఉన్న ఒక పుస్తకం గురించి: ఒక తప్పు మాటను కత్తితో గీకించి వేరే మాట రాయించమని, కాపీలకు బైండింగు బాగుండాలని.

కొట్టిపారేయలేకపోవడానికి కారణాలు

ఇలాంటి ఇంటి కథలు నెలకొకటి వింటాను. చాలావాటిని మర్యాదగా పక్కన పెడతాను. దీన్ని పెట్టలేకపోయాను, ఎందుకంటే గాలిబ్‌కు హైదరాబాద్‌లో ఉత్తరాల స్నేహం నిజంగానే ఉంది. సాలార్‌జంగ్ కొలువులో పనిచేసిన హబీబుల్లా జకా ఆయన శిష్యుడు. కవితలు దిద్దించుకోవడం, పుస్తకాల సంగతులు మాట్లాడుకోవడం అంతా ఉత్తరాల్లోనే జరిగింది. అదే కొలువులో ఇంకొక మున్షీకి కూడా ఉత్తరం వచ్చి ఉండొచ్చు.

కాగితంలో ఉన్న విషయం కూడా నాకు తెలిసినదే. గాలిబ్ 1857 తిరుగుబాటు రోజుల గురించి ఫారసీలో రాసిన పుస్తకం దస్తంబూ. ఆయన ఢిల్లీలో, అచ్చు ఆగ్రాలో. 1858లో ముఫీద్-ఎ-ఖలాయిఖ్ ప్రెస్‌లో మున్షీ శివ్ నారాయణ్ దాన్ని అచ్చేశారు. దగ్గరుండి చూసుకున్నది శిష్యుడు మున్షీ హర్‌గోపాల్ తఫ్తా, మిత్రుడు మీర్జా హాతిం అలీ మెహర్ లాంటివాళ్లు. పనంతా టపాలో నడిచింది. పుస్తకం అచ్చంగా ఫారసీలోనే ఉండాలి, అరబ్బీ మాట ఒక్కటీ రాకూడదన్నది గాలిబ్ నియమం. తీరా చూస్తే "నహీబ్" అనే అరబ్బీ మాట ఒకటి దొర్లింది. ఇక ఆయనకు నిద్ర పట్టలేదు. దాన్ని కత్తితో గీకేసి ఆ చోట "నవా" అని పెట్టించమని ఆగ్రాకు రాశాడు. ఆ మాట అచ్చులో అలాగే పోతే లోకం నన్ను పీక్కు తింటుందని ఆయన భయం. అరవై ఏళ్ల మనిషి, ఊరు నాశనమై, పింఛను ఆగిపోయి, ఒక్క మాట కోసం అంత టెన్షన్ పడ్డాడు.

పుస్తకాలతో ఆయన సంబంధమే చిత్రమైనది. జీవితమంతా చదివాడు గానీ పుస్తకాలు కొనలేదని, ఆయన జీవితచరిత్ర రాసిన శిష్యుడు హాలీ రాశాడు. అద్దెకు తెచ్చిచ్చే మనిషి ఒకడుండేవాడు, చదివి తిరిగిచ్చేసేవాడు. సొంత కవిత్వం కూడా దగ్గర పెట్టుకోలేదు. రాసినవాటిని స్నేహితులు సేకరించి ఇళ్లలో దాచారు. 1857లో ఆ ఇళ్లు దోపిడీకి గురయ్యాయి. కొన్నాళ్లకు ఒక ఫకీరు గాలిబ్ గజల్ పాడుతూ వచ్చాడట. అతను ఎక్కడో రాయించుకున్న ఆ కాగితం చూసి ఏడుపొచ్చిందని గాలిబ్ మెహర్‌కు రాశాడు. తన కవితే ఇంకొకరి నకల్లో చూసుకోవాల్సి వచ్చిన మనిషి. ఈ సంగతి ఆరోజు గుర్తుండి ఉంటే నా దారి వేరేగా ఉండేదేమో.

చేసిన పరీక్షలు

మొదటి నిర్ణయం తడి తగలనివ్వకూడదని. అంచున చుక్కంత చోట తడి దూది ఆనించి చూస్తే నలుపు దూదికి అంటింది. దీపపు మసి, బంకతో చేసిన మన నాటు సిరా అది. ఏళ్లు గడిచినా వెలిసిపోదు గానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. కాబట్టి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం, చిరుగుల దగ్గర పలచని జపనీస్ టిష్యూ చాలా తక్కువ తడితో అతకడం, అంతే.

రెండో నిర్ణయం కాగితాన్ని పుస్తకం నుంచి వేరు చేసి విడి ఫోల్డర్‌లో పెట్టడం. పుస్తకం కాగితం గోధుమ రంగుకు తిరిగి, పుల్లగా ఉంది. అందులోని ఆమ్లం పక్క కాగితానికి పాకుతుంది. వేరు చేయడం సరైన పనే. చేసిన పద్ధతే తప్పు. ఏ పేజీల మధ్య ఉందో, ఏ వైపు తిరిగి ఉందో, ఎలా మడిచి ఉందో రాసుకోలేదు. నా నోట్‌బుక్‌లో ఆ రోజు ఉన్నది ఇంతే: "పుస్తకంలో విడి కాగితం, 1. పురుగు బెజ్జాలు 6. అడ్డంగా ఒక మడత." నిజానికి పెద్దాయన కాగితం తీస్తున్నప్పుడే "ఒక్క నిమిషం, ఆగండి" అనాల్సింది. గాలిబ్ పేరు చెవిన పడగానే నా ధ్యాసంతా రాత మీదికి పోయింది.

తర్వాత కాగితం పరీక్ష. శుద్ధి చేయని కలప గుజ్జు కలిసిన కాగితమైతే ఒక రసాయనం చుక్క వేయగానే ఎర్రబడుతుంది. రాలిన పోగు మీద వేసి చూశాను, ఎర్రబడలేదు. అంటే గుడ్డపీలికల గుజ్జు కావచ్చు. పెద్దాయనకు ఈ మాట చెబితే ఆయన మొహం వెలిగింది. నేను అప్పుడే సర్దిచెప్పాను: గుడ్డ కాగితం 1858లోనూ ఉంది, 1890లోనూ ఉంది. పరీక్షలో తప్పితే కొత్తదని తేలేది. నెగ్గితే ఏమీ తేలదు. చెప్పడమైతే చెప్పాను, ఆయన మాత్రం మొదటి సగమే విన్నారు.

ఆపైన చేతిరాత. గాలిబ్ అసలు ఉత్తరాలు బాగానే మిగిలాయి. రాంపూర్ నవాబులకు రాసినవి అక్కడి రజా లైబ్రరీలో ఉన్నాయి. వాటి ఫొటో ప్రతులు పక్కన పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. వాలుగా సాగే నస్తలీఖ్ రాతలో గొలుసుకట్టు లాంటి షికస్తా కొంచెం కలిసిన, వేగంగా పోయే రాత. కొన్ని అక్షరాల తోకలు కలిశాయి, కొన్ని కలవలేదు. కలిసినచోట సంబరం, కలవనిచోట "ముసలితనంలో చెయ్యి వణికింది కాబోలు" అని సర్దుబాటు. మూడోరోజుకు నా మీద నాకే అనుమానం వచ్చింది. ఒకే రకం చదువు చదివిన మున్షీలు వందలమంది అలాగే రాసేవాళ్లు. చిన్న యే, పెద్ద యే అనే అక్షరాలు తేడా లేకుండా రాయడం లాంటివి ఆ కాలపు అలవాటు, ఒక మనిషి గుర్తు కాదు.

ఇంతలో పన్నెండో పంక్తిలో ఒక విచిత్రం కనబడింది. "ఔర్" అన్న మాట రెండుసార్లు పక్కపక్కన ఉంది. ఔర్ ఔర్. అంటే "ఇంకా, ఇంకా". అక్కడ అర్థానికి రెండోది అక్కర్లేదు. నేను దాన్ని అసలు ఉత్తరమని చెప్పే సాక్ష్యంగా తీసుకున్నాను. నా వాదన ఇది: దొంగ ఉత్తరం తయారుచేసేవాడు జాగ్రత్తగా రాస్తాడు, ఇలా తడబడడు. తడబాటు నిజంగా తొందరలో ఉన్న మనిషిది. గాలిబ్ తొందరలో ఉన్నాడని ఆ ఉత్తరాలే చెబుతున్నాయి. ఈ వాదన నాకెంత నచ్చిందంటే ఒక స్నేహితుడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆలోచనలో చేసిన తప్పు ఇదే. నా ముందు రెండే దారులు పెట్టుకున్నాను, గాలిబ్ రాశాడా, మోసగాడు రాశాడా అని. మూడోవాడు ఎవడైనా ఉండొచ్చని తట్టలేదు.

తేడా కొట్టిన చోటు

పాఠాన్ని అచ్చు పుస్తకాలతో పోల్చాను. గాలిబ్ ఉత్తరాలు అచ్చువేస్తామని శిష్యులు 1858లోనే అడిగారు. ఆయన వద్దన్నాడు. కలం సరిచేసుకుని శ్రద్ధగా రాసినవి ఏ ఒకటో రెండో అని, అచ్చయితే తన పేరుకే మచ్చ అని ఆయన అభిప్రాయం. తర్వాత మెత్తబడ్డాడు. 1868లో ఊద్-ఎ-హిందీ అనే ఉత్తరాల సంపుటి వచ్చింది. రెండో సంపుటి ఉర్దూ-ఎ-ముఅల్లా 1869 మార్చిలో బయటికొచ్చేసరికి ఆయన లేడు, ఫిబ్రవరి 15న పోయాడు. మన కాగితంలోని పాఠం ఉర్దూ-ఎ-ముఅల్లాలో ఉంది, ఆగ్రా మిత్రుడికి రాసిన ఉత్తరాల్లో. మాటకు మాట కలిసింది, ఒక్క ఆ రెండో "ఔర్" తప్ప.

అచ్చయిందంటే అసలు కాదని అర్థం కాదు. అచ్చుకు మూలం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కానీ ఆగ్రాకు వెళ్లిన ఉత్తరం హైదరాబాద్ మూటలోకి ఎలా వచ్చింది? పెద్దాయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "ఒకే సంగతి ఇద్దరికి రాసి ఉండొచ్చు గదా?" రాశాడు కూడా. అయితే ఒకే సంగతి ఇద్దరికి రాసినప్పుడు ఆయన ఇద్దరితో ఒకేలా మాట్లాడడు. ఉత్తరాన్ని ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు మార్చేశానని స్వయంగా మెహర్‌కు రాసుకున్న మనిషి. ఎదుటి మనిషి మారితే మాట మారుతుంది. పైగా ఆగ్రా ప్రెస్‌లో గీకాల్సిన మాట గురించి హైదరాబాద్ మున్షీకి చెప్పి ఏం లాభం?

ఆ తర్వాత చిన్నచిన్నవి. కాగితం తూచాను, దాదాపు ఐదు గ్రాములు. 1854 నుంచి టపా రేటు పావు తులానికి అర్ధణా. పావు తులమంటే మూడు గ్రాములు కూడా కాదు. ఒక పక్కే రాసి, ఇంత మందం కాగితం పంపి, ఎక్కువ టపా ఖర్చు పెట్టించడం కుదరదని కాదు, అలవాటుగా ఉత్తరాలు రాసేవాడు చేసే పనిలా లేదు. మడత ఒక్కటే ఉంది. కవరులో పెట్టాలంటే ఆ సైజు కాగితాన్ని ఇంకా మడవాలి.

అక్షరాల్లో ఇంకొకటి దొరికింది. ఉర్దూలో "జ" (ఇంగ్లీషు z) శబ్దానికి నాలుగు అక్షరాలున్నాయి. ఫారసీ మాటల్లో "జాల్" అనే అక్షరం రాయకూడదు, "జే" రాయాలి అని గాలిబ్‌కు పట్టుదల. దీనిమీద శిష్యులకు పాఠాలు చెప్పాడు. మన కాగితంలో "గుజర్నా" జాల్‌తో ఉంది. ప్రెస్‌లో రాసే కాతిబులకు ఇలాంటి పట్టింపులు లేవు, అలవాటైన అక్షరం వేసేస్తారు. అంటే ఈ కాగితం గాలిబ్ చేతికన్నా కాతిబ్ చేతికి దగ్గరగా ఉంది.

ఇన్నీ కలిపి చూస్తే కాదనే వైపే మొగ్గుతుంది. కానీ అప్పటికి నేను రాయగలిగిన రిపోర్టు "బహుశా కాదు" అనే ఒక్క ముక్క. కాదు అంటే మరేమిటి అని పెద్దాయన అడిగితే నా దగ్గర ఏమీ లేదు. రిపోర్టు ఆపేశాను.

దారి దొరికిన రోజు

ఫోన్ చెల్లెలి నుంచి వచ్చింది. "భాయ్, ఉత్తరం సంగతి మీరూ అన్నయ్యా చూసుకోండి. ఆ పుస్తకం మటుకు నాకిచ్చేయండి. నాన్న రాత్రిళ్లు దాన్నే చదివేవారు."

ఇచ్చేద్దామని పుస్తకం తీసి, పొట్లం కట్టేముందు పేజీలు ఒకసారి తిప్పాను. మధ్యలో ఎదురెదురుగా ఉన్న రెండు పేజీల మీద దీర్ఘచతురస్రంలా ఒక నీడ. లోపల లేత రంగు, చుట్టూ ముదురు. కాగితం ఏళ్లతరబడి ఒకేచోట ఉంటే అది కప్పిన మేర గాలీ వెలుతురూ తగలక అలా అచ్చు పడుతుంది. ఫోల్డర్ తెచ్చి, కాగితాన్ని పాత మడత మీదే మడిచి, ఆ నీడ మీద పెట్టాను. సైజు సరిపోయింది. పేజీలో మూడు పురుగు బెజ్జాలున్నాయి, అందులో ఒకటి కోలగా ఉంది. కాగితంలో ఆరు. బెజ్జాలు కలవలేదు. తలకిందులుగా తిప్పి పెట్టాను. మూడూ మూడుచోట్లా కలిశాయి, కోలగా ఉన్నది కూడా. కింద దీపం పెట్టి చూస్తే వెలుగు సూటిగా పైకొచ్చింది. మడిచిన కాగితం గుండా పురుగు పోయింది కాబట్టే విప్పితే అద్దంలో బొమ్మలాగా మూడు జతలు, ఆరు బెజ్జాలు. మొదటిరోజు లెక్కపెట్టిన ఆరు.

ఆ పేజీ ఏమిటా అని చదివితే, అదే ఉత్తరం. ముందు పేజీలు ఊడిపోయిన ఆ పుస్తకం ఉర్దూ-ఎ-ముఅల్లాయే.

రాతి అచ్చు పుస్తకాలు చాలావాటిలో పుట అడుగున, పంక్తికి బయట, తర్వాతి పుట మొదటి మాట చిన్నగా రాసి ఉంటుంది. పేజీలు వరస తప్పకుండా కుట్టడానికి ఆ గుర్తు. దాన్ని రికాబ్ అంటారు. మన తెలుగులో గుర్రం జీనుకు వేలాడే రికాబు ఉందే, అదే మాట. పుట అడుగున కాలు మోపి తర్వాతి పుట ఎక్కడం. ఈ పుట అడుగున రికాబ్ "ఔర్". పేజీ తిప్పితే పైన మొదటి మాట "ఔర్".

కుర్చీలో కూలబడ్డాను. ఎవరో ఈ పుస్తకం ముందు పెట్టుకుని నకలు రాస్తున్నారు. పుట అయిపోయింది, అడుగున ఉన్న "ఔర్" కూడా రాసేశారు, పేజీ తిప్పారు, మళ్లీ "ఔర్" రాశారు. గాలిబ్ తొందర అని స్నేహితుడికి ఫోన్‌లో గొప్పగా చెప్పుకున్నది ఒక పేజీ తిప్పిన క్షణం. ఇంకొక ముద్రణ చూసి రాసి ఉంటే పుట వేరేచోట తెగేది, ఈ తప్పు పడేదే కాదు. ఈ పుస్తకం అచ్చయ్యాక రాసిన కాగితం, అంటే గాలిబ్ పోయిన తర్వాతి కాగితం. పురుగు బెజ్జాలు అది ఎక్కడ దాచి ఉందో చెప్పాయి. ఎప్పుడు, దేన్ని చూసి రాశారో చెప్పింది ఒక్క "ఔర్".

మరి రాసింది ఎవరు? ఇక్కడ నా రెండో బద్ధకం బయటపడింది. మూటలోని మిగతా కాగితాలను మొదటిరోజే "ఇంటి లెక్కలు" అని చీటీ రాసి కిందికి నెట్టాను. ఇప్పుడు తీసి చూశాను. అంకెలు సియాఖ్‌లో ఉన్నాయి, పాత కచేరీ లెక్కల గుర్తులవి. పక్కన సరుకుల పేర్లు మామూలు రాతలో. దీపపు నూనె, కాగితం, సిరా, బైండింగు చేసినవాడికి ఆరణాలు. "కాగజ్" అన్న మాటలో కాఫ్ అక్షరం పొడుగు గీత పైన చిన్న వంపు, చివర చుక్కను గీతలాగా లాగెయ్యడం, ఇవన్నీ మన కాగితంలో ఉన్నవే. అంటే రాసింది ఈ ఇంటి మున్షీయే. మూడు సాయంత్రాలు రాంపూర్ ఉత్తరాల ఫొటోలు చూసిన నేను, అదే మూటలో ఉన్న చేతిరాత ఒక్కసారి చూడలేదు.

కుటుంబానికి చెప్పడం

ముగ్గురినీ పిలిచి, మాటల్లో చెప్పకుండా, కాగితాన్ని వాళ్లచేతనే పేజీలో పెట్టించాను. దీపం నేను పట్టుకున్నాను. తర్వాత "ఔర్" చూపించాను. తమ్ముడికి వెంటనే అర్థమైంది. పెద్దాయన చాలాసేపు పేజీ అటూ ఇటూ తిప్పారు.

"అయితే ఇది నకిలీ అంటారు."

"నకిలీ కాదండీ, నకలు. ఎవర్నీ మోసం చేయడానికి రాసింది కాదు. చివర గాలిబ్ అని ఉండటం కూడా పుస్తకంలో ఉన్నదాన్ని ఉన్నట్టు దించుకోవడమే."

"కొనేవాడికి రెండూ ఒకటే కదా, సార్."

నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. పెళ్లి ఖర్చు లెక్కలో ఒక పెద్ద అంకె ఆయన కళ్లముందే కొట్టివేసినట్టయింది. "బహుశా" అని ఒక మాట వేసి రిపోర్టు ఇవ్వగలరా అని ఆయన అడిగారు. అడిగినందుకు నేను తప్పుపట్టను. ఇవ్వలేనన్నాను. "బహుశా" అన్న మాట ఆ కొనేవాడి చేతిలో నెలరోజుల్లో రాలిపోతుంది, కింద నా సంతకం మటుకు మిగులుతుంది. అన్నల ముందు చెల్లెలు అప్పుడు మొదటిసారి మాట్లాడింది.

"సొంత పుస్తకంలోంచి ఎవరైనా ఎందుకు రాసుకుంటారు? పుస్తకం చేతిలోనే ఉందిగా?"

నేను చెప్పిన కారణాలు అన్నీ మామూలువే. అప్పట్లో పుస్తకం అరువు అడిగితే ఇవ్వాలి, ఇస్తే రాదు. కావలసిన ముక్క రాసి పంపడం తేలిక. ఉర్దూ వచనం నేర్చుకునేవాళ్లు గాలిబ్ ఉత్తరాలు చేత్తో దించుకునేవాళ్లు. ఆమె ఇంకోటి అంది: "బైండింగువాడికి ఆరణాలు ఇచ్చాడన్నారుగా. పుస్తకం కుట్టించుకునే మనిషికి, పుస్తకం కుట్టించమన్న ఉత్తరం నచ్చింది." దీన్ని రిపోర్టులో రాయలేదు. నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

పుస్తకం అంచుల్లో ఉన్నవి

ఉత్తరం సంగతి తేలాక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చూశాను. అదే చేతిరాతలో అంచుల్లో చిన్నచిన్న రాతలు. చాలావరకు కష్టమైన మాటలకు అర్థాలు. ఒక్క విషయం దగ్గర మాత్రం రాతలు గుంపుగా ఉన్నాయి, సిరా కూడా ఒత్తి ఉంది. గాలిబ్ బుర్హాన్-ఎ-ఖాతే అనే నిఘంటువును తిట్టిన ఉత్తరాల పక్కన.

ఆ నిఘంటువు మన ఊరిది. 1652లో, అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, గోల్కొండ రాజ్యంలో ముహమ్మద్ హుసేన్ తబ్రేజీ తయారుచేసిన ఫారసీ నిఘంటువు అది. రెండువందల ఏళ్లు హిందుస్తానమంతా దాన్ని చూసే ఫారసీ నేర్చుకుంది. 1857లో గాలిబ్ ఢిల్లీలో ఇంటి తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు దగ్గర మిగిలిన ఒకటి రెండు పుస్తకాల్లో అదొకటి. వేరే పుస్తకం లేక దాన్నే చదివాడు, తప్పులు పట్టాడు, 1862లో ఖాతే-ఎ-బుర్హాన్ అని ఖండన అచ్చేయించాడు. పేరునే తిరగేసి పెట్టాడు. ఆ తర్వాత పండితులు వరసగా ఎదురు పుస్తకాలు రాశారు, బూతులదాకా వెళ్లింది. చివరికి ఒకరి మీద ఆయన పరువునష్టం దావా వేసి, రాజీ పడ్డాడు. ఆ రోజుల్లో మిత్రులకు రాసిన ఉత్తరాల నిండా ఈ గొడవే. నిఘంటుకర్తను "దక్కనీ" అని ఎత్తిపొడవడం కూడా.

ఆ "దక్కనీ" అన్న మాట పక్కన మన మున్షీ రాసుకున్నది మూడు మాటలు: "యే నాఇన్సాఫీ హై." ఇది అన్యాయం. రెండు పేజీల తర్వాత ఒక మాటకు గాలిబ్ చెప్పిన అర్థం పక్కన "సహీ" అని రాశాడు. గాలిబ్ అంటే ప్రాణం, ఉత్తరాలు చేత్తో రాసుకునేంత. అయినా మా ఊరివాణ్ని అంటే ఊరుకోనన్నాడు, పట్టిన తప్పు నిజమైతే ఒప్పుకున్నాడు. ఆయనకు గాలిబ్ ఉత్తరం రాయలేదు. ఆయన మాత్రం పుస్తకం అంచుల్లో గాలిబ్‌కు జవాబులు రాస్తూనే ఉన్నాడు. ఇంటి కథ ఇక్కడినుంచే పుట్టి ఉంటుందని నా ఊహ.

పద్ధతిలో మార్చుకున్నవి

ఇప్పుడు పుస్తకంలోంచి ఏ కాగితం తీయాలన్నా ముందు ఫొటో. పేజీ నంబరు, ఏ వైపు తల, ఏ మడత, అంచు నుంచి ఎంత దూరం, పెన్సిల్‌తో చీటీ రాసి ఆ పేజీలో పెట్టాకే తీస్తాను. ఎండిన పూరేకు అయినా, బస్ టికెట్ అయినా అంతే. తెచ్చినవాళ్లు తీసి ఇవ్వబోతే ఆపుతాను, కొంచెం మొరటుగా అనిపించినా.

చేతిరాత పోల్చాల్సి వస్తే అదే మూటలో ఉన్న రాతలు ముందు, లైబ్రరీల్లో ఉన్నవి తర్వాత. తప్పు రాత కనబడితే తొందర అనో ముసలితనం అనో అనుకునేముందు, చూసి రాసేటప్పుడు కన్ను ఎక్కడ జారి ఉంటుందో వెతుకుతాను. పంక్తి దాటేయడం, మాట రెండుసార్లు పడటం, పుట తెగినచోట తడబాటు, ఇవన్నీ నకలు రాసే చేతి గుర్తులు. కాగితం పరీక్ష ఫలితం మాత్రం ఇంటివాళ్లకు ఇక విడిగా చెప్పను. రిపోర్టులో మిగతావాటితో కలిపే చెబుతాను. ఆ రోజు పెద్దాయన మొహంలో వెలుగు నేనే తెప్పించాను, నేనే ఆర్పాల్సి వచ్చింది.

కాగితాన్ని తిరిగి అదే పేజీలో పెట్టలేదు. ఆమ్లం పని ఆమ్లం చేస్తుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పుస్తకంతోపాటు ఒకే పెట్టెలో పెట్టాను. పేజీలో అదే సైజుకు కత్తిరించిన తెల్ల కాగితం ఉంది, దాని మీద చోటు వివరాలు. పెట్టె ఇప్పుడు చెల్లెలి దగ్గర ఉంది. అన్నలిద్దరూ ఒప్పుకున్నారు. పెళ్లి కూడా అయింది, భోజనానికి పిలిచారు, వెళ్లాను.

పుస్తకం అప్పగించేముందు ప్రతి పేజీనీ పక్కవాటు వెలుతురులో చూశాను. చివరి భాగంలో, నిఘంటువు గొడవ ఉత్తరాల దగ్గరే, ఇంకొక నీడ ఉంది. చిన్నది, నిలువు పదకొండు సెంటీమీటర్లు, అడ్డం ఏడు. కోలగా ఉన్న ఆ పురుగు బెజ్జం అక్కడిదాకా వచ్చింది. మూటలో ఉన్న ఏ కాగితమూ ఆ సైజుకు సరిపోలేదు. కొలతలు రిపోర్టులో రాసి, చెల్లెలికి అట్టముక్క మీద ఆ ఆకారం గీసిచ్చాను. ఇప్పటికి మూడు ట్రంకులు వెతికిందట. నాలుగోది తమ్ముడి ఇంట్లో ఉంది, తాళంచెవి కనబడటం లేదని మొన్న ఫోన్‌లో చెప్పింది.